అసెంబుల్డ్ కంప్యూటర్ లెక్క ఎక్కడ మొదలవ్వాలి?

ఖమ్మంలో మా మేనమామకి పెళ్లి కార్డుల డీటీపీ షాపు ఉంది. మూఢం వెళ్లాక ముహూర్తాలు వరసగా ఉంటాయి, ఊపిరాడనంత పని. ఆ హడావుడికి ముందు ఓ రాత్రి ఫోన్ చేశాడు. "ఒరేయ్, స్క్రీన్ మీద రోజూ ఏదో వస్తోందిరా. విండోస్ 10 అయిపోయిందంట. నాది బానే నడుస్తోంది కదా, కొత్తది కొనాలా ఏంటి?"

అదే వారం మా పిన్ని కొడుకు. హైదరాబాద్‌లో బీటెక్ రెండో ఏడాది. "అన్నయ్యా, నేనే పార్ట్స్ కొని అసెంబుల్ చేసుకుందామనుకుంటున్నా. ఐ7 తీసుకోనా, రైజెన్ తీసుకోనా?"

ఒకరు ఆపరేటింగ్ సిస్టమ్ గురించి అడిగారు, ఒకరు పార్ట్స్ గురించి. ఇవి వేర్వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి కానీ ఒకదాని జవాబు తెలియకుండా రెండోదానికి జవాబు చెప్పలేం. పైగా ఇద్దరూ తప్పు చివర నుంచి మొదలుపెట్టారు. ప్రాసెసర్ పేరు ఆఖర్న తేలాల్సిన సంగతి.

విండోస్ 10 అయిపోవడం అంటే ఏమిటి, ర్యామ్ ధర ఎందుకు మండిపోతోంది

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంటే ఆ మర్నాడు కంప్యూటర్ ఆగిపోయిందని కాదు. కొత్తగా బయటపడే భద్రతా లోపాలకి మామూలుగా వచ్చే ప్యాచ్‌లు (సవరణలు) ఇక రావు, అంతే. ఇంకా కావాలనుకునేవాళ్లకి పొడిగింపు పథకం ఉంది. దాంట్లో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా ప్యాచ్‌లు వస్తాయి. నెట్‌కి కలపని సిస్టమ్‌కి ఈ గొడవ చాలావరకు తగలదు. రోజంతా బ్రౌజర్ తెరిచి ఉంచే సిస్టమ్‌కి మాత్రం గట్టిగానే తగులుతుంది.

సరే, కొత్తది కట్టుకుందాం అనుకునేసరికి ర్యామ్ ధర అడ్డొచ్చింది. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు భారీగా తయారుచేసేవి ప్రధానంగా మూడు కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ డేటా సెంటర్లకి హెచ్‌బీఎం అనే ప్రత్యేక మెమరీ కావాలి. ఒక జీబీ హెచ్‌బీఎం తయారీకి పట్టే సిలికాన్‌తో దాదాపు మూడు జీబీల మామూలు డీడీఆర్5 (ఇప్పటి పీసీల్లో వేసే ర్యామ్ రకం) చేయొచ్చు. లాభం ఎటుంటే ఫ్యాక్టరీ అటు తిరుగుతుంది. 2025 చివరి నెలల్లో డీడీఆర్5 కిట్ల ధరలు రెండింతలు, మూడింతలు అయ్యాయి. డిసెంబర్‌లో మైక్రాన్ ఏకంగా క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. పాత సలహాల్లో "ర్యామ్ చవకే, 32 జీబీ వేసెయ్" అని కనిపిస్తే, అది ఏ ఏడాది రాసిందో ఓసారి చూసుకోండి.

విడిచిపెట్టలేని ప్రోగ్రాం ఏది?

మన దగ్గర టేబుల్ కింద ఉండే డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటాం. నిజానికి ఆ డబ్బా క్యాబినెట్; సీపీయూ అంటే లోపల మదర్‌బోర్డు మీద కూర్చునే ప్రాసెసర్. ర్యామ్ అంటే పనిచేస్తున్నంతసేపూ సరుకు పరుచుకునే బల్ల, ఎస్‌ఎస్‌డీ అంటే సరుకు దాచుకునే బీరువా. మొత్తానికి కరెంటు పంచిపెట్టేది ఎస్‌ఎంపీఎస్. ఇవన్నీ మనం చేసే పని కోసం ఉన్నవి. పని చేయించేది ప్రోగ్రాం, ఆ ప్రోగ్రాం నడవాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి. కాబట్టి మొదటి ప్రశ్న: మీరు వదులుకోలేని ప్రోగ్రాం ఏది?

మా మామయ్యని అడిగితే టక్కున చెప్పాడు: పేజ్‌మేకర్, అందులో అను ఫాంట్లు. పదిహేనేళ్ల పెళ్లి కార్డులు, గృహప్రవేశాలు, పెద్దకర్మల కార్డులు అన్నీ అందులోనే ఉన్నాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దానికి యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ ఎక్కడైనా ఒకే సంకేతం ఉండే పద్ధతి) తెలీదు. అను ఫాంట్లు కూడా యూనికోడ్ పద్ధతివి కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చిన ఫాంట్లు. ఫాంట్ లేని సిస్టమ్‌లో ఆ ఫైలు తెరిస్తే "వధువు" ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఈ సరంజామా అంతా విండోస్‌ని పట్టుకుని ఉంది. లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత మంచిదైనా ఆయన దగ్గర ఆ మాట ఎత్తే ముందు ఈ పదిహేనేళ్ల ఫైళ్లకి ఓ దారి చూపించాలి.

తమ్ముడి సంగతి వేరు. కాలేజీ కోడింగ్ ఎక్కడైనా నడుస్తుంది. మెషీన్ లెర్నింగ్ మీద సరదా ఉంది. రాత్రి పదయ్యాక వాలొరెంట్ ఆడాలి. ఈ మూడింటిలో ఆపరేటింగ్ సిస్టమ్‌ని తేల్చేది ఆటే. ఆ ఆటలో మోసాలు పట్టుకునే వాన్‌గార్డ్ అనే ప్రోగ్రాం లైనక్స్ మీద పనిచేయదు. విండోస్ 11 మీద కూడా టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు రెండూ ఆన్‌లో ఉంటేనే ఆట మొదలవుతుంది. "చదువుకోసమే" అని పిన్నికి చెప్పాడు కానీ, లెక్క ఇక్కడ బయటపడింది.

టీపీఎం పేచీ

టీపీఎం అంటే తాళంచెవుల్లాంటి రహస్య సంకేతాలని భద్రంగా దాచే చిన్న ఏర్పాటు. ఈమధ్య ప్రాసెసర్లలో అది లోపలే ఉంటుంది. విండోస్ 11కి అధికారికంగా టీపీఎం 2.0, సెక్యూర్ బూట్‌కి (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే సిస్టమ్ మొదలయ్యేలా చూసేది) వీలున్న యూఈఎఫ్‌ఐ (బయోస్‌కి కొత్త రూపం), ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి, ఏఎండీ రైజెన్‌లో 2000 వరస నుంచి ప్రాసెసర్ ఉండాలి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ కూడా అడుగుతుంది, కానీ అంత తక్కువతో నడిపితే ఆ నత్తనడక భరించలేం.

ఇక్కడ చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. 2019లో కొన్న సిస్టమ్‌కి కూడా "మీ పీసీ పనికిరాదు" అని వస్తుంది. చాలాసార్లు టీపీఎం లేక కాదు, బయోస్‌లో (సిస్టమ్ ఆన్ కాగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రాం) ఆఫ్ చేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని పేరు. ఆన్ చేస్తే సరి.

మామయ్యది నాలుగో తరం ఐ5. ఇది నిజంగానే జాబితాలో లేదు. అయినా తనిఖీల్ని దాటించి విండోస్ 11 ఎక్కించే ఉపాయాలు ఉన్నాయి, లక్షణంగా వాడుతున్నవాళ్లూ ఉన్నారు. నడిచే మెషీన్ని చెత్తలో వేయడం ఎందుకన్నది వాళ్ల వాదన, అందులో న్యాయం ఉంది. అవతలి వాదన కూడా తేలిగ్గా తీసిపారేసేది కాదు. అలా ఎక్కించిన సిస్టమ్‌కి అప్‌డేట్లు అందుతాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. ఇంట్లో పాటలు వినే సిస్టమ్‌తో ఆ పందెం కాయొచ్చు. ముహూర్తం మూడు రోజుల్లో ఉన్నవాళ్ల కార్డులు అందులో ఉంటే నేనైతే కాయను.

సాకెట్, ర్యామ్: రెండూ కలిపి కొనే సరుకు

ప్రాసెసర్ కూర్చునే గూడుని సాకెట్ అంటారు. సాకెట్ కలవకపోతే ప్రాసెసర్ కూర్చోదు. ఏ ర్యామ్ పడుతుందన్నది కూడా ప్రాసెసర్, బోర్డు కలిసి తేలుస్తాయి. డీడీఆర్4, డీడీఆర్5 కడ్డీలకి గాడి వేర్వేరు చోట్ల ఉంటుంది, ఒకటి రెండోదాంట్లో దిగదు.

ఏఎండీ పాత సాకెట్ ఏఎం4 డీడీఆర్4దే. 2022లో వచ్చిన ఏఎం5కి డీడీఆర్5 తప్ప దారి లేదు. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్‌లో 12, 13, 14 తరాలు కూర్చుంటాయి. అందులో కొన్ని బోర్డులు డీడీఆర్4వి, కొన్ని డీడీఆర్5వి. బీ760 బోర్డు అని అడిగితే సరిపోదు, ఏ ర్యామ్‌దో కూడా చెప్పి అడగాలి. 2024 అక్టోబర్‌లో వచ్చిన కోర్ అల్ట్రా 200 డెస్క్‌టాప్ ప్రాసెసర్లకి ఎల్‌జీఏ1851 అనే కొత్త సాకెట్.

ఏఎం5 వైపు ఉన్నవాళ్ల ప్రధాన వాదన ఆయుష్షు. ఈ సాకెట్‌ని 2027, ఆపైన కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. ఆ మాట నమ్మడానికి ఏఎం4 చరిత్ర ఉంది. 2017లో కొన్న బీ350 బోర్డులో బయోస్ మార్చుకుని 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. బోర్డు, ర్యామ్ మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చడం ఇంటెల్ వైపు అంత దూరం సాగలేదు.

ఎల్‌జీఏ1700 వాళ్ల వాదన: రాబోయే ప్రాసెసర్ కోసం ఈరోజు డబ్బు ఎందుకు పోయాలి? ఐ5-12400 లాంటిది ఇప్పటికీ సుఖంగా పనిచేస్తుంది, పాత సిస్టమ్‌లో డీడీఆర్4 ఉంటే ఊడదీసి ఇందులో పెట్టుకోవచ్చు. ర్యామ్ ఈ రేటున్నప్పుడు అది చిన్న మిగులు కాదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజ్ వల్ల క్రమంగా పాడయ్యే సమస్య 2024లో బయటపడింది. ఇంటెల్ బయోస్ ద్వారా సవరణ ఇచ్చింది, వారంటీ మరో రెండేళ్లు పొడిగించింది. ఆ తరాల్లో సెకండ్‌హ్యాండ్ ప్రాసెసర్ కొంటే అది పాత బయోస్ మీద ఎన్నాళ్లు నడిచిందో మనకి తెలీదు. 12వ తరానికి ఈ పీడ లేదు.

నా అంచనా ఏంటంటే, డీడీఆర్4 చేతిలో ఉన్నవాడికి రెండో దారి, ఏమీ లేనివాడికి మొదటి దారి. కొత్త డీడీఆర్4 చవకని ఇప్పుడు కొనడంలో పెద్ద అర్థం లేదు. కంపెనీలు దాని తయారీ తగ్గించుకుంటున్నాయి కాబట్టి అదీ పెరిగింది. తమ్ముడి దగ్గర పాత సిస్టమే లేదు. మామయ్యది డీడీఆర్3, ఎందులోకీ రాదు.

ర్యామ్ గురించి ఇంకో మాట. 6000 అని రాసున్న డీడీఆర్5 కొని పెడితే మామూలుగా 4800 దగ్గరే నడుస్తుంది. బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో లేదా ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేస్తేనే డబ్బులిచ్చి కొన్న వేగం వస్తుంది. ఏళ్ల తరబడి ఇది తెలియకుండా వాడేవాళ్లు బోలెడుమంది.

పేరు చివర 'ఎఫ్' ఉంటే

నా స్నేహితుడొకడు కొన్ని వందలు తక్కువని ఐ5-12400ఎఫ్ కొన్నాడు. అన్నీ బిగించాడు, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్ మాత్రం నల్లగా ఉంది. సాయంత్రం దాకా కేబుళ్లు మారుస్తూ కూర్చున్నాడు. ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్ అని వాడికి తెలీదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెడితే తప్ప బొమ్మ రాదు. ఏఎండీ కొత్త వరసల్లోనూ ఎఫ్‌కి అదే అర్థం, జీ ఉంటే లోపల గ్రాఫిక్స్ కాస్త బలంగా ఉన్నట్టు.

ఆఫీసు పనికి, సినిమాలకి, డీటీపీకి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ చాలు. ఆటలకీ మెషీన్ లెర్నింగ్‌కీ కార్డు కావాలి. కార్డులో వేగం ఎంత ముఖ్యమో దాని సొంత మెమరీ కూడా అంతే. ఒక లెక్క చూద్దాం. 700 కోట్ల పారామీటర్లున్న (నేర్చుకున్నదాన్ని దాచుకునే అంకెలు) ఏఐ భాషా నమూనాని ఇంట్లో నడపాలి. ఒక్కో పారామీటర్‌కి 2 బైట్లు అనుకుంటే 1400 కోట్ల బైట్లు, అంటే 14 జీబీ. 8 జీబీ కార్డులో పట్టదు. అదే నమూనాని 4 బిట్లకి కుదిస్తే ఒక్కోదానికి అర బైటు, 3.5 జీబీ చిల్లర. సునాయాసంగా పడుతుంది, కాకపోతే నాణ్యత కొంచెం తగ్గుతుంది. అందుకే "నేర్చుకోడానికి 8 జీబీ చాలు" అన్నవాళ్లదీ తప్పు కాదు, "16 లేకపోతే వద్దు" అన్నవాళ్లదీ తప్పు కాదు; వాళ్లు మాట్లాడుతున్నది వేర్వేరు పనుల గురించి. మెషీన్ లెర్నింగ్ పాఠాలు, పనిముట్లు ఎక్కువగా ఎన్‌విడియా కార్డుల 'కుడా' (CUDA) సాఫ్ట్‌వేర్ చుట్టూ అల్లుకుని ఉండటం వల్ల, ఆటకి ఏఎండీ కార్డు గిట్టుబాటైనా విద్యార్థులు చివరికి ఎన్‌విడియా వైపే వెళ్తుంటారు.

ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ చదవడం

నేను మొదటిసారి సిస్టమ్ కట్టించుకున్నప్పుడు క్యాబినెట్‌తో పాటు ఎస్‌ఎంపీఎస్ ఫ్రీ అన్నారు. సంతోషించాను. ఎండాకాలం ఓ మధ్యాహ్నం కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయి వచ్చింది. టప్ మని చిన్న శబ్దం, కాలిన వాసన. అది పోతూ పోతూ మదర్‌బోర్డుని కూడా వెంట తీసుకుపోయింది. తర్వాత దాని స్టిక్కర్ తీరిగ్గా చదివాను. పైన పెద్ద అక్షరాల్లో 450 అని ఉంది. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల వరసలో 16 ఆంపియర్లు అని ఉంది. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది ఆ 12 వోల్టుల నుంచే. 12ని 16తో గుణిస్తే 192 వాట్లు. 450 అన్న అంకె పెట్టె మీద అందంగా ఉండటానికే.

తమ్ముడి లెక్క ఇలా వేశాం. రైజెన్ 5 7600 గట్టిగా నడిస్తే దాదాపు 88 వాట్లు. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 180. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకి ఓ 60 వేసుకుంటే 328. కార్డులు క్షణకాలం అంతకు మించి లాగుతాయి, కాబట్టి 650 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్ చాలు. 850 పెట్టినా తప్పులేదు, అక్కర్లేదంతే. 80 ప్లస్ గుర్తు ఎంత కరెంటు వృథా కాకుండా ఉంటుందో చెబుతుంది, నాణ్యతకి పూర్తి పూచీ ఇవ్వదు.

యూపీఎస్‌ది మరో లెక్క. 600 వీఏ అని రాసున్న మామూలు యూపీఎస్ ఇచ్చేది సాధారణంగా 360 వాట్లు. లోపల 328 కావాలంటే, మధ్యలో వృథా కలుపుకుని గోడ నుంచి దాదాపు 375 లాగుతుంది. మానిటర్‌కి ఇంకో 30. ఆట మధ్యలో కరెంటు పోతే ఆ యూపీఎస్ కీచుమని సిస్టమ్‌తో సహా పడుకుంటుంది. బ్రౌజర్ తెరిచి కూర్చున్నప్పుడు పోతే మాత్రం హాయిగా నిలబడుతుంది. అందుకే ఒకే యూపీఎస్ గురించి "సూపర్" అనేవాళ్లూ, "దండగ" అనేవాళ్లూ కనిపిస్తారు.

లైనక్స్ వేస్తే పార్ట్స్ ఎంపిక మారుతుందా?

మారుతుంది. లైనక్స్‌లో హార్డ్‌వేర్‌తో మాట్లాడే కేంద్రభాగం కెర్నల్. డ్రైవర్లు చాలావరకు అందులోనే ఉంటాయి. అందుకే రెండు మూడేళ్ల వయసున్న పార్ట్స్ మీద మింట్, ఉబుంటు లాంటి లైనక్స్ రకాలు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయగానే వైఫై, సౌండ్‌తో సహా పనిచేస్తాయి. తంటా వచ్చేది సరికొత్త పార్ట్స్‌తో. 2025 మార్చిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 9070 కార్డు కొని, 2024 మార్చి నాటి 6.8 కెర్నల్ ఉన్న మింట్ 22 వేస్తే ఆ కార్డు సంగతి దానికి తెలీదు. తర్వాతి విడుదలల్లో కొత్త కెర్నల్ వచ్చింది. విండోస్‌లో పాత పార్ట్స్ గొడవ, లైనక్స్‌లో కొత్త పార్ట్స్ గొడవ అనుకుంటే పెద్దగా తప్పు పోదు.

ఆటల విషయంలో 2018లో వాల్వ్ కంపెనీ తెచ్చిన ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ వల్ల విండోస్ ఆటలు చాలావరకు లైనక్స్‌లో నడుస్తున్నాయి. మోసాలు పట్టే ప్రోగ్రాం ఒప్పుకోని ఆన్‌లైన్ ఆటలు మాత్రం నడవవు. తెలుగు రాతకి లోటు లేదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్‌తో పాటు డీటీపీ వాళ్ల చేతికి అలవాటైన యాపిల్ లేఅవుట్ కూడా ఉంది, మండలి, రామభద్ర లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు దొరుకుతాయి. పేజీ డిజైన్‌కి వాడే స్క్రైబస్ అనే ప్రోగ్రాం తెలుగు ఒత్తుల్ని సరిగ్గా కూరుస్తోంది. కొత్తగా షాపు పెట్టేవాడికి ఇది నిజమైన దారే. పాత ఫైళ్లున్నవాడికి వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో ఊహా కంప్యూటర్) పాత విండోస్‌ని నెట్ లేకుండా బంధించి, పేజ్‌మేకర్‌ని అందులో నడుపుకునే దారి ఉంది.

డబ్బు సంగతి కూడా చూడాలి. లైనక్స్‌కి లైసెన్స్ ఖర్చు లేదు. విండోస్‌లో రిటైల్ లైసెన్స్ అయితే రేపు వేరే సిస్టమ్‌కి మార్చుకోవచ్చు, ఓఈఎం అయితే ఆ మదర్‌బోర్డుకే అంటుకుని ఉంటుంది. బోర్డు కాలిపోతే, తయారుచేసిన కంపెనీ దాన్ని వారంటీ కింద మార్చినప్పుడు తప్ప లైసెన్స్ కూడా పోయినట్టే. అసలు ధరలో పదో వంతుకి ఆన్‌లైన్‌లో అమ్మే కీలు ఎక్కడివో అమ్మేవాడు చెప్పడు. యాక్టివేట్ అవుతాయి, ఎన్నాళ్లుంటాయో చెప్పలేం. షాపువాడు "విండోస్ కూడా వేసిస్తా అన్నా" అన్నప్పుడు అది ఏ విండోసో, బిల్లులో ఉంటుందో లేదో అడిగితే సంభాషణ ఎక్కువసేపు సాగదు.

ఇద్దరూ చివరికి ఏం చేశారు

తమ్ముడితో కలిసి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీకి వెళ్లాం. ఏఎం5 బోర్డు, రైజెన్ 5 7600, 16 జీబీ కార్డు. కార్డుకే బడ్జెట్ సగం పోయింది. ర్యామ్ 32 అనుకున్నది రెండు 8 జీబీ కడ్డీలకి దిగింది. ఒకే 16 తీసుకుని తర్వాత ఇంకోటి కలుపుకుందామన్నాడు. వేర్వేరు సమయాల్లో కొన్న డీడీఆర్5 కడ్డీలు పూర్తి వేగం దగ్గర ఒక్కోసారి కుదరవు, ఒకటే కడ్డీ ఉంటే ప్రాసెసర్‌కి ర్యామ్‌తో సగం దారే తెరుచుకుంటుంది. అయినా వాడి మాటలో పస లేకపోలేదు, రేపు రెండు 8లూ తీసేయాల్సి రావచ్చు. విండోస్ 11 ఒక ఎస్‌ఎస్‌డీలో, లైనక్స్ ఇంకోదాంట్లో వేసుకున్నాడు.

మామయ్యకి లైనక్స్ లోపల విండోస్ పెట్టి చూపించాను. ఐదు నిమిషాలు చూసి, "ఒక డబ్బాలో రెండు కంప్యూటర్లు నా వల్ల కాదురా" అన్నాడు. చివరికి పాత హార్డ్ డిస్క్ తీసి సాటా ఎస్‌ఎస్‌డీ వేశాం. పేజ్‌మేకర్ తెరుచుకునేలోపు టీ తాగి వచ్చే మనిషి, ఇప్పుడు కప్పు పట్టుకుని కుర్చీలోనే ఉంటున్నాడు. ఫైళ్లన్నీ విడిగా ఒక హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేశాం. విండోస్ 10 అలాగే ఉంది, నెట్ కేబుల్ మాత్రం పీకేశాం. వాట్సాప్‌లో వచ్చే పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఫొటోలని అత్తయ్య తన ఫోన్‌లో తీసుకుని, కేబుల్‌తో సిస్టమ్‌లోకి దింపుతోంది.